గూడబాతుల ఊళ్లో రెండు రోజులు

పిల్లలూ! మీలో ఎవరైనా బడినుంచి ఇంటికి వచ్చి, దారిలో జరిగిన చిన్న సంగతిని గంటసేపు సాగదీసి చెబితే, మీ అమ్మమ్మ, "అబ్బబ్బ! కొల్లేటి చాంతాడులాగా ఇంకా ఎంతసేపురా?" అని విసుక్కుని ఉంటుంది. చాంతాడు అంటే నూతిలో నీళ్లు తోడుకునే తాడు. కొల్లేరు ఎక్కడ ఉన్నదో తెలియనివాళ్లు కూడా ఈ మాట అంటూనే ఉంటారు. కాని ఆ కొల్లేటిని కళ్లారా చూసినవాళ్లు మీలో ఎంతమంది?

రండి, జనవరి నెలలో ఒక శనివారం, ఆదివారం మనం కొల్లేటికి పోయివద్దాం. ఊరికే చూడటానికి కాదు, ఒక పనిమీద పోదాం. అక్కడ గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుంటున్న పక్షుల లెక్క తీద్దాం. జనాభా లెక్కలవాళ్లు మన ఇంటికి వచ్చి, "మీ ఇంట్లో ఎంతమంది? పిల్లలెందరు?" అని అడిగి వ్రాసుకుపోతారు గదా! ఇదీ అలాంటి పనే. అయితే మనం అడిగితే పక్షులు జవాబు చెప్పవు. దూరాన నిలబడి, ఓపికగా చూసి మనమే తెలుసుకోవాలి.

సామాను ఎక్కువ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు, మంచినీళ్ల సీసా, టోపీ, నలుగురికీ కలిపి ఒక దుర్భిణి ఉంటే చాలు. పెన్ను తేవద్దు, పుస్తకం తడిస్తే సిరా అలుక్కుపోతుంది, పెన్సిలు గీత చెరగదు. మెరిసే బట్టలు కాక మట్టిరంగు బట్టలు కట్టుకోండి. మన పిల్లలందరికీ తోడుగా, పక్షుల సంగతి బాగా తెలిసిన ఒక సైన్సు మాస్టారు కూడా వస్తున్నారు.

తాడేపల్లిగూడెం వైపునుంచి వచ్చేవాళ్లు రైల్లో ఏలూరు చేరవచ్చు. ఏలూరు చిత్రమైన ఊరు. గోదావరి నీళ్లు ఒక కాలువలోనూ, కృష్ణ నీళ్లు ఇంకొక కాలువలోనూ వచ్చి ఇక్కడ కలుసుకుంటవి. అక్కడినుంచి కైకలూరు పోయే బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చోండి. ఊరు దాటగానే నేల పల్లంగా, బల్లపరుపుగా కనిపిస్తుంది. ఎక్కడా కొండగాని గుట్టగాని ఉండదు.

ఈ పల్లం ఎలా ఏర్పడ్డదో తెలుసా? విస్తరిలో రెండు కుప్పలుగా అన్నం పెట్టుకుని, పైన చారు పోసుకుని చూడండి. చారంతా రెండు కుప్పల నడుమకు చేరి నిలుస్తుంది. సరిగ్గా అలాగే, వేల ఏళ్లుగా గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి ఒకవైపు, కృష్ణ తెచ్చిన ఒండ్రుమట్టి ఇంకొకవైపు పేరుకున్నవి. నడుమ పల్లం మిగిలిపోయింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అనే ఏళ్లూ, ఎన్నో మురుగుకాలువలూ తమ నీళ్లను తెచ్చి ఆ పల్లంలో పోస్తవి. అదే కొల్లేరు. నిండిన నీరు ఉప్పుటేరు అనే ఒకే ఒక్క దారిన మెల్లగా సముద్రానికి పోతుంది. అందుకనే వానాకాలంలో కొల్లేరు ఉబ్బుతుంది, వేసవిలో కుంగుతుంది. వరదనీటిని తనలో దాచుకుని, చుట్టుపక్కల ఊళ్లను ముంపునుంచి కాపాడే పెద్ద గాబు ఇది. ఈ నీళ్ల నడుమనే లంకగ్రామాలున్నవి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి గుడి ఉన్నది.

"కాని మాస్టారూ, సరస్సు ఏదీ? అన్నీ గట్లూ, చెరువులే కనిపిస్తున్నవేం?" అని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

1970లనుంచి ఈ ప్రాంతంలో చేపల చెరువులు తవ్వడం పెరిగింది. చేపలవల్ల డబ్బు వచ్చింది; చేపలతోపాటు గట్లూ పెరిగినవి. గట్టు వేసినకొద్దీ సరస్సులోకి నీళ్లు వచ్చే దారీ, పోయే దారీ ఇరుకైపోయినవి. చివరకు 1999లో ప్రభుత్వం ఇక్కడ 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం అని ప్రకటించింది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున సరస్సు చుట్టూ గీసిన ఊహాగీతను అయిదో కాంటూరు అంటారు. ఆ గీత లోపలిదంతా అభయారణ్యమే. 2002లో కొల్లేటిని రామ్సార్ జాబితాలో చేర్చారు. రామ్సార్ అన్నది ఇరాన్ దేశంలో ఒక ఊరు. నీటి నేలలను కాపాడుకోవాలని 1971లో అనేక దేశాలవాళ్లు అక్కడ కూడి ఒప్పందం చేసుకున్నారు. ఇంత గొప్ప పేరు వచ్చినా చెరువులు పోలేదు. 2006లో ప్రభుత్వం అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను కొట్టించింది. చెరువులమీద బతికేవాళ్ల కష్టం, సరస్సు కష్టం రెండూ ఒకేచోట పెనవేసుకున్న ఊరు ఇది. ఆ ముడి ఇప్పటికీ పూర్తిగా విడిపోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. రేపు మళ్లీ పనికివస్తుంది.

కైకలూరులో దిగి, దగ్గరలోనే ఉన్న ఆటపాక చేరాం. ఎదురుగా విశాలమైన చెరువు. నీళ్ల నడుమ పెద్దపెద్ద మంచెల్లాంటివి నిలబడి ఉన్నవి. అవి చెట్లు కావు, అటవీశాఖవాళ్లు పాతించిన ఇనుప స్టాండ్లు. వాటిమీద పుల్లలు గుట్టలుగా పేర్చి ఉన్నవి. పుల్లలమీద బూడిదరంగు కలిసిన తెల్లని పక్షులు, ఒకదాని పక్కన ఒకటి, పెళ్లిపందిట్లో చుట్టాల్లాగా కూర్చుని ఉన్నవి!

ఇవే గూడబాతులు. వీటినే ఇంగ్లీషువాళ్లు పెలికాన్లు అంటారు. ఎంత పక్షి అనుకున్నారు! బరువు 4 కిలోలనుంచి 6 కిలోల దాకా తూగుతుంది. రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది. ఇద్దరు పిల్లలు చేతులు చాచి పక్కపక్కన నిలబడ్డంత! ముక్కు పొడుగ్గా ఉండి, పైదవడ వెంట సిరాచుక్కలు చల్లినట్టు వరసగా మచ్చలుంటవి. కింద వేలాడుతున్న తోలుసంచి చూశారా? దానివల్లనే గూడబాతు అన్న పేరు ఎంత చక్కగా అతికిందో!

గూడ అంటే ఏమిటో మీ తాతగారిని అడగండి. పూర్వం చేలకు నీళ్లు పెట్టడానికి ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను కాలువలో ముంచి, ఎత్తి, చేలోకి విసిరేవారు. ఆ బుట్టే గూడ. ఈ పక్షి కూడా తన సంచిని నీళ్లలో ముంచి ఎత్తుతుంది. రైతు గూడలో నీళ్లు నిలిచేవి. దీని గూడలోంచి నీళ్లు కారిపోయి చేప మాత్రం నిలుస్తుంది. వెంటనే తల పైకెత్తి గుటుక్కున మింగేస్తుంది. సంచిలో చేపలు దాచుకుని రేపటికి ఉంచుకుంటుందని కొందరంటారు. అది నిజం కాదు. సంచి వలే కాని కొట్టుగది కాదు.

పడవ నడిపే తాతను మీలో ఒకరు అడుగుతారు: "తాతా, ఇవి ఏ దేశంనుంచి వచ్చినై?"

"సైబీరియానుంచి వచ్చినయ్యంటారు బాబూ. మా చిన్నప్పటినుంచీ అదే వింటన్నాం," అంటాడు తాత.

మాస్టారు నవ్వి, "ఆ మాట బాతులకు చెల్లుతుంది తాతా, వీటికి చెల్లదు," అన్నారు. ఇక్కడే మన లెక్కకు కావలసిన అసలు కిటుకు ఉన్నది, శ్రద్ధగా వినండి.

చలికాలంలో కొల్లేటికి రెండు రకాల పక్షులు వస్తవి. సూదితోక బాతుల వంటివి ఉత్తరాన ఉన్న చలిదేశాలనుంచి వస్తవి. అక్కడ నీళ్లు గడ్డకట్టి మేత దొరకదు గనుక, మన ఇంట నాలుగు నెలలు తలదాచుకుని, వేసవి రాగానే పుట్టింటికి పోయి అక్కడే గుడ్లు పెడతవి. ఇవి అతిథులు. గూడబాతులు అలా కాదు. ఇవి మన దేశపు పక్షులే. మేతకోసం ఈ చెరువునుంచి ఆ చెరువుకు, ఈ జిల్లానుంచి ఆ జిల్లాకు తిరుగుతవేగాని, మన నేలమీదనే గూడు కట్టుకుని మన నేలమీదనే పిల్లలను లేవదీస్తవి. అతిథికి మన ఇల్లు కాకపోతే ఇంకొక ఇల్లున్నది. వీటికి ఈ ఇల్లు పోతే పొమ్మనడానికి సైబీరియా లేదు! అందుకే గూళ్ల లెక్క వేరుగా, జాగ్రత్తగా తీయాలి. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ జంతువులు తగ్గిపోతున్నవో చూసే పండితులు ఈ గూడబాతును ప్రమాదానికి దగ్గరగా ఉన్న పక్షుల జాబితాలో వ్రాశారు.

సాయంత్రం అయింది. ఇక పని మొదలుపెడదాం. మాస్టారు చెప్పిన నియమాలు ఇవి, పుస్తకంలో ముందు పేజీలో వ్రాసుకోండి.

మొదటిది: మనం లెక్కపెట్టేది పక్షులను కాదు, గూళ్లను. స్టాండుమీద నిలబడ్డ ప్రతి పక్షికీ గూడు ఉండాలని లేదు. ఒక పక్షి గూట్లో పొదుగుతూ ఉంటే దాని జత మేతకు పోయి ఉండవచ్చు. ఆడ, మగ రెండూ వంతులవారీగా పొదుగుతవి. కాబట్టి పక్షి కూర్చుని ఉన్న గూడు, లేదా పిల్లలు కనిపిస్తున్న గూడు మాత్రమే లెక్క. ఖాళీ గూళ్లు వేరే గడిలో వ్రాయాలి.

రెండవది: చెరువు పటం గీసి, ఒక్కొక్క స్టాండుకు ఒక్కొక్క అంకె వేసుకోవాలి. ఎడమనుంచి కుడికి, ఒక స్టాండు పూర్తి అయినాకనే రెండోదానికి పోవాలి. లేకపోతే చూసిందే చూసి, లెక్కపెట్టిందే లెక్కపెడతాం.

మూడవది: ఇద్దరిద్దరు ఒకే స్టాండును విడివిడిగా లెక్కపెట్టాలి. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకూడదు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం: గూళ్ల దగ్గరికి పోకూడదు. గుడ్లెన్ని ఉన్నవో మనకు కనిపించవు, కనిపించనక్కర్లేదు.

మీరు దుర్భిణి పెట్టి చూస్తే గూళ్లన్నీ ఒకే వయసులో లేవని తెలుస్తుంది. సాధారణంగా గూడబాతు మూడు నాలుగు తెల్లని గుడ్లు పెడుతుంది. నెలరోజులు పొదిగితే పిల్లలు బయటికి వస్తవి. పుట్టగానే ఒంటిమీద ఒక్క ఈకైనా ఉండదు. కొన్నాళ్లకు ఒళ్లంతా దూదిలాంటి తెల్లని నూగు వస్తుంది. ఆపైన ఈకలు మొలుస్తవి. తల్లి మేత తేగానే పిల్ల దాని నోట్లోకి తల దూర్చి, గొంతులోంచి చేపను అందుకుని తింటుంది. చూసేవాళ్లకు తల్లి పిల్లను మింగేస్తున్నదేమో అని భయం వేస్తుంది! పూర్వం ఐరోపాలో, ఈ పక్షి తన రొమ్ము చీల్చి రక్తంతో పిల్లలను పోషిస్తుందని ఒక కథ పుట్టింది. అది కథే. కాని మూడునుంచి అయిదు నెలలపాటు అంతేసి పిల్లల కడుపులు నింపడానికి ఆ తల్లిదండ్రులు చేసే చాకిరీ మాత్రం కథ కాదు.

గూడబాతులు ఒక్కటే ఉన్నవనుకోకండి. కొన్ని స్టాండ్లమీద పసుపుపచ్చని ముక్కు, రెక్కలచివర గులాబిరంగు ఉన్న పెద్ద కొంగలున్నవి. పుస్తకాల్లో వీటిని పెయింటెడ్ స్టార్కులు అంటారు. రంగు వేసిన కొంగలన్నమాట. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నవి. తెల్లకొంగలు సందుల్లో దూరి కూర్చున్నవి. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పేజీ కేటాయించండి.

చీకటిపడ్డది. కైకలూరు చేరుకుని, భోజనాలు చేసి, చాపలు పరుచుకుని కూర్చున్నాం. "మాస్టారూ, ఇంత కష్టపడి లెక్కపెట్టడం దేనికండీ? పక్షులు ఉన్నవని తెలుస్తూనే ఉన్నది గదా!" అని మీరు అడుగుతారు. అప్పుడు మాస్టారు చెప్పిన కథ ఇది.

"1902లో రీనియస్ అనే ఆయన కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతుల గూళ్లు చూశాడు. ఒక్కసారి చూసి వ్రాసిన ఆ సంగతి తప్ప ఇంకేమీ మిగలలేదు. ఆ పక్షుల ఊరు మళ్లీ ఎవరికీ కనిపించలేదు. తరవాత చాలా ఏళ్లు, దక్షిణదేశంలో ఈ పక్షి ఎక్కడ పిల్లలను పెంచుతున్నదో పుస్తకాలు వ్రాసేవాళ్లకు తెలియనే తెలియదు. 1946లో కె. కె. నీలకంఠన్ అనే మలయాళీ ఉపాధ్యాయుడు ఈ కొల్లేటి ప్రాంతంలో, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల గూళ్లు కనుక్కున్నాడు. ఊరివాళ్లకు అవి కొత్త కాదు; లోకానికి కొత్త. ఆయన చూసినదంతా వివరంగా వ్రాసి 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారి పత్రికలో ప్రకటించాడు. తరవాత ఇందుచూడన్ అన్న పేరుతో కేరళ పక్షులమీద గొప్ప పుస్తకం వ్రాసింది కూడా ఈయనే."

"ఆ గూళ్లు ఇప్పుడున్నవా మాస్టారూ?"

"లేవు. 1970లు గడిచేసరికి ఆ పాత గూళ్ల ఊళ్లు ఖాళీ అయిపోయినవి. చెట్లు కొట్టేస్తే గూటికి చోటుండదు. మేత దొరికే నీళ్లు మారితే కడుపు నిండదు. గూళ్ల కింద అలజడి చేస్తే తల్లి నిలవదు. ఒక్కరోజులో పోయేవైతే అందరూ, 'అయ్యో!' అనేవారే. కాని ఏటా కాసిని, కాసిని తగ్గుతూ పోతే ఎవరికి తెలుస్తుంది? నిరుడు ఎన్ని ఉన్నవో వ్రాసిపెట్టుకున్నవాడికి మాత్రమే తెలుస్తుంది. నీలకంఠన్ వ్రాశాడు గనుకనే, మనం ఏం పోగొట్టుకున్నామో అయినా మనకు తెలిసింది."

అందరూ కాసేపు మాట్లాడలేదు. తరవాత మాస్టారు మంచి కబుర్లు కూడా చెప్పారు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు అనే ఊళ్లో చిన్న చెరువులోనే గూడబాతులు గూళ్లు కడుతున్నవట. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టును 1976లోనే పక్షుల రక్షణకేంద్రం చేశారు; అక్కడ నీళ్లలో పెరిగే కడపచెట్లమీద వందలకొద్దీ గూళ్లుంటవి. కర్ణాటకలో కొక్కరెబెళ్లూరు అనే పల్లెలో ఇళ్లమధ్య చింతచెట్లమీదనే కాపరముంటవి. ఆ ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లాగా చూసుకుంటారట. కొల్లేట్లో పెద్దచెట్లు కరువు గనుక, ఆటపాకలో ఇనుప స్టాండ్లు వేస్తే పక్షులు వాటినే చెట్లనుకుని ఒప్పుకున్నవి. మనిషి పోగొట్టినదానిలో కొంతైనా మనిషే తిరిగి కట్టవచ్చునన్నమాట!

ఆదివారం తెల్లవారకముందే లేవండి. చెరువుమీద పొగమంచు లేస్తున్నది. ఎండ ముదిరితే వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలిని పట్టుకుని గూడబాతులు రెక్కలాడించకుండానే పైకి పైకి తేలి, మేతకు దూరాలు పోతవి. అందుకే ఈ వేళే లెక్కకు మంచి వేళ.

ఒక స్టాండు దగ్గర చిక్కు వచ్చింది. మీరు 46 గూళ్లు లెక్కపెట్టారనుకోండి, మీ జతగాడు 51 అన్నాడనుకోండి. మీరు రబ్బరు తీసి, "పోనీ, ఇద్దరం 48 అని వేసేద్దాం," అంటారు. మాస్టారు రబ్బరు అందుకుని జేబులో వేసుకుంటారు.

"ఆ 48 ఎవరు చూశారు?" అని అడుగుతారు.

ఎవరూ చూడలేదు. మీకు సిగ్గు వేస్తుంది. ఇద్దరూ మళ్లీ మొదటినుంచి లెక్కపెడతారు. మీ జతగాడు గూళ్ల పక్కన ఊరికే నిలబడ్డ మూడు పక్షులను కూడా కలిపాడని తేలుతుంది. ఇప్పుడు 46, 48. ఇంకా రెండు తేడా. ఎంత చూసినా తెగదు; స్టాండు అవతలి అంచున పుల్లల చాటున ఏమున్నదో కనిపించదు.

"రెండు అంకెలూ వ్రాయండి. ఎందుకు తేడా వచ్చిందో పక్కన వ్రాయండి," అంటారు మాస్టారు. "తేడా రావడం తప్పు కాదు. తేడాను దాచడం తప్పు."

చూశారా? ఇందాక ఎవరూ చూడకుండా వేయబోయిన 48, ఇప్పుడు ఒకరు కళ్లతో చూసి వ్రాసిన 48. రెండూ ఒకే అంకె. కాని ఒకటి అబద్ధం, ఒకటి సాక్ష్యం.

ఇంతలో ఒక ఘోరం జరిగింది. ఒక స్టాండు అంచున ఈకలు సగం వచ్చిన రెండు పిల్లలు పెనుగులాడుకుంటున్నవి. ఒకటి కాలుజారి దబ్బున నీళ్లలో పడ్డది!

"తాతా, పడవ! తొందరగా పడవ తియ్యి!" అని మీరు కేకపెడతారు.

తాత మాస్టారి వంక చూశాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "ఆ పక్క గూళ్లు చూడండి. ఇప్పుడు మనం పడవ వేసుకుని ఆ స్టాండు కిందికి పోతే, పొదిగే పక్షులన్నీ బెదిరి ఒక్కసారి లేస్తవి. లేచేప్పుడు ఎన్ని గుడ్లు కాళ్లు తగిలి దొర్లిపడతవో! మిగిలినవి ఎండకు మాడతవి. అదుగో, కాకులు అందుకోసమే కాచుకు కూర్చున్నవి. ఒక్క పిల్లకోసం పోయి పది పిల్లలను చంపినవాళ్లం అవుతాం."

మీకు మాస్టారిమీద కోపం వస్తుంది. కళ్లలో నీళ్లు తిరుగుతవి. అది మంచి కోపమే, దాన్ని పోగొట్టుకోకండి. కాని అడుగు మాత్రం ముందుకు వేయకండి. మాస్టారు వెళ్లి, అటవీశాఖ కాపలాదారుకు సంగతి చెప్పి వచ్చారు. ఏ వేళ, ఏ వైపునుంచి పోతే పక్షులు బెదరవో ఆయనకు తెలుసు.

పిల్ల కాసేపు తల్లడిల్లి, తరవాత ఈదడం మొదలుపెట్టింది. గూడబాతుకు నాలుగు వేళ్లకూ కలిపి తోలు ఉంటుంది. ఈత ఎవరూ నేర్పనక్కర్లేదు. మెల్లగా స్టాండు కాలు దగ్గరికి చేరి అక్కడే ఉండిపోయింది. పైకి ఎక్కలేకపోయింది. మనం ఉన్నంతసేపూ తల్లి దాని దగ్గరికి రాలేదు. "ఒక పిల్ల నీళ్లలో పడినది. వేళ 7 గంటల 40 నిమిషాలు. ప్రాణంతో ఉన్నది. కాపలాదారుకు చెప్పినాము," అని పుస్తకంలో వ్రాశాం. అది బతికిందో లేదో మనం చూడలేదు. చూడనిది వ్రాయకూడదు గదా!

ఎండ ముదిరింది. తిరిగి వచ్చే దారిలో ఒక చేపల చెరువు గట్టుమీద ఢాం ఢాం అని టపాకాయలు పేలినవి. చెరువులో వాలబోయిన గూడబాతులు తిరిగి పైకి లేచినవి. మీకు మళ్లీ కోపం వచ్చింది. "ఎందుకండీ వాటిని అలా బెదిరిస్తారు?" అని గట్టుమీది రైతును అడిగేశారు.

ఆయన కోప్పడలేదు. "ఏం చెయ్యమంటావు బాబూ? అప్పు తెచ్చి పిల్ల వేశానండి మాస్టారూ. అవి మందగా వాలితే నా చెరువులో మిగిలేదేముంది? వాటి కడుపూ నిండాలి, నా ఇంట్లోవాళ్ల కడుపూ నిండాలి గదండీ!" అన్నాడు. కాసేపాగి, "అయినా తుపాకీ పట్టలేదండి. చప్పుడుతో సరిపెడుతున్నా," అన్నాడు.

మీరు ఏమనాలో తెలియక ఊరుకున్నారు. నిన్న బస్సులో విన్న ముడి సంగతి గుర్తుకువచ్చిందా? పక్షిని తిట్టడం తేలిక, రైతును తిట్టడం ఇంకా తేలిక. ఏ చెరువులో ఎన్ని పక్షులు వాలుతున్నవి, అభయారణ్యంలోని నీళ్లలో వాటికి చాలినంత మేత ఉన్నదా లేదా అని తేల్చుకుంటేనే ఇద్దరికీ న్యాయం జరిగే దారి దొరుకుతుంది. దానికీ లెక్కే కావాలి. మాస్టారు ఆ రైతు మాటలు కూడా మన పుస్తకంలో వ్రాయించారు.

సాయంత్రం ఏలూరు స్టేషనులో రైలుకోసం కూర్చుని, పుస్తకం తెరిచి చూసుకుందాం. స్టాండు అంకె, గూళ్లు, నూగుపిల్లలు, ఈకలు వచ్చిన పిల్లలు, ఖాళీ గూళ్లు, గాలి, ఎండ, వేళ. నాలుగు పేజీలే. కాని వచ్చే ఏడు ఇదే జనవరిలో ఇంకెవరో వచ్చి, ఇదే గట్టుమీద, ఇదే పద్ధతిలో లెక్కపెడితే, అప్పుడు ఈ నాలుగు పేజీలకు మాట వస్తుంది. పెరిగినవా, తగ్గినవా చెబుతవి. అడిగినా జవాబు చెప్పని పక్షుల తరఫున ఆ పేజీలే మాట్లాడతవి.

కొల్లేటికి రాలేనివాళ్లు దిగులుపడనక్కర్లేదు. 1987నుంచి ఏటా జనవరిలో ఆసియా ఖండమంతటా నీటిపక్షుల లెక్క తీస్తున్నారు. అందులో పెద్ద పండితులే కాదు, మీవంటి విద్యార్థులూ పాల్గొంటారు. మీ ఊరి చెరువుగట్టుమీద ఒక మర్రిచెట్టో, చింతచెట్టో ఉంటుంది. దానిమీద కొంగలు గూళ్లు కడతవేమో చూడండి. అమ్మనో, నాన్ననో వెంటబెట్టుకుని దూరంగా నిలబడండి. లెక్కపెట్టండి. తేదీ వేసి వ్రాయండి. ఒక్కటీ లేకపోతే సున్నా అని వ్రాయండి. సున్నా కూడా లెక్కే, ఒక్కొక్కప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క. వచ్చే ఏడు మళ్లీ అదే చోట నిలబడండి.

చాంతాడు ఒక్క పోగుతో తయారుకాదు గదా! మీరు ఒక పోగు, మీ తమ్ముడు ఒక పోగు, ఏటా ఒక పోగు చేర్చుతూ పోతే, మీరు పెద్దవాళ్లయ్యేసరికి అది నిజంగా కొల్లేటి చాంతాడంత అవుతుంది. అప్పుడు మీ అమ్మమ్మ విసుక్కోదు సుమా!